దగ్గు వినిపించిన టెలిఫోన్ నుంచి వీడియో కాల్ దాకా: దూరం నుంచి పిల్లల వైద్యం నడిచిన దారి

ఊళ్లో పిల్లవాడికి జ్వరం అని ఫోన్ వస్తే గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఆ రాత్రి నిద్ర ఉండదు. ఇది మన సభ్యుల్లో ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కానీ ఈ మధ్య ఆ ఫోన్‌తో పాటు ఇంకో మాట కూడా వినిపిస్తోంది. "దవాఖానకు తీసుకపోవాల్నా, ఫోన్ల డాక్టర్‌కు చూపిస్తే సరిపోతదా?" అని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు. ఏం చెప్పాలో మనకూ సరిగ్గా తెలియదు.

ఈ ప్రశ్న కరోనా తర్వాత పుట్టింది కాదు. డాక్టరు ఒక చోట, జబ్బుపడ్డ బిడ్డ మరో చోట ఉంటే ఏం చెయ్యాలన్న ప్రశ్నకు దాదాపు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఓడ కార్మికులు ఉన్నారు, ఎడారిలో పశువులు కాసేవాళ్లు ఉన్నారు, శరణార్థులు ఉన్నారు, మన చిత్తూరు జిల్లా పల్లె కూడా ఉంది. అది తెలుసుకుంటే ఇవాళ మన ఇంటికి ఏం చెప్పాలో కొంచెం స్పష్టంగా కనబడుతుంది.

టెలిఫోన్ పుట్టిన మూడేళ్లకే

గ్రాహంబెల్ టెలిఫోన్‌కు పేటెంట్ తీసుకున్నది 1876లో. మూడేళ్ల తర్వాత, 1879లో, లండన్ నుంచి వెలువడే 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో అమెరికా నుంచి వచ్చిన ఒక చిన్న ముచ్చట అచ్చయింది. అర్ధరాత్రి ఒక ఇంట్లో పసిబిడ్డకు దగ్గు వచ్చింది. అది క్రూప్ అనే జబ్బేమోనని ఇంట్లోవాళ్లు భయపడ్డారు. క్రూప్ అంటే గొంతు లోపల వాచి, కుక్క మొరిగినట్టు దగ్గు రావడం. ఆ రోజుల్లో దానికి పిల్లలు చనిపోయేవారు. భయంతో ఇంటి డాక్టరుకు టెలిఫోన్ చేశారు. బిడ్డను టెలిఫోన్ దగ్గరికి ఎత్తి పట్టుకోండి, దగ్గు నేను వింటాను అన్నాడు డాక్టరు. విన్నాడు. ఇది క్రూప్ కాదు, అందరూ పడుకోండి అని చెప్పాడు.

దూరవైద్యం చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఈ ముచ్చటతోనే మొదలుపెడతారు. దీంట్లో రెండు సంగతులు చూడాలి. ఒకటి, ఫోన్‌లో వైద్యం మొదటిసారి అడిగింది పిల్లల చిన్న జబ్బు కోసమే, అదీ అర్ధరాత్రి పూట. రెండోది, డాక్టరు ఒక్కడే ఆ పని చెయ్యలేదు. అవతల బిడ్డను ఎత్తి ఫోన్ దగ్గర పట్టుకున్న మనిషి ఉంది. ఆమె లేకపోతే టెలిఫోన్ ఉండి కూడా లాభం లేదు.

ఓడలు, ఎడారులు, అంకెల మందుపెట్టె

ఆ తర్వాత ఈ విద్యను నిజంగా వాడుకున్నది ఇల్లు వదిలి దూరాన పనిచేసేవాళ్లే. సముద్రం మధ్యలో ఓడలో జబ్బుపడితే డాక్టరు ఎక్కడి నుంచి వస్తాడు? ఇటలీలో గ్విడో గ్విడా అనే వైద్యుడు ఓడల మీది కార్మికులకు రేడియోలో వైద్య సలహా ఇవ్వడానికి 1935లో రోమ్‌లో ఒక కేంద్రం పెట్టాడు. రేడియో కనిపెట్టినవాడిగా మనం చదువుకున్న మార్కోనీ దానికి మొదటి అధ్యక్షుడు. సీఐఆర్‌ఎం అనే ఆ కేంద్రం ఇప్పటికీ పనిచేస్తోంది.

ఆస్ట్రేలియా కథ మనకు ఇంకా దగ్గర. అక్కడ లోపలి ప్రాంతమంతా ఎడారి, ఇంటికీ ఇంటికీ మధ్య వందల కిలోమీటర్లు. జాన్ ఫ్లిన్ అనే పాస్టరు పూనుకోవడంతో 1928 మే నెలలో క్లోన్‌కరీ అనే ఊరి నుంచి డాక్టరును విమానంలో పంపే సేవ మొదలైంది. కానీ డాక్టరు కావాలని కబురు పంపేదెట్లా? ఆ ఇళ్లలో కరెంటు లేదు. ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే అతను కాళ్లతో సైకిల్ తొక్కినట్టు తొక్కితే కరెంటు పుట్టి పనిచేసే రేడియోను తయారుచేశాడు. 1929 నుంచి అవి ఆ ఒంటరి ఇళ్లకు చేరాయి.

ప్రతి చిన్న జ్వరానికీ విమానం పంపలేరు కదా. అందుకని 1942 నుంచి ఆ ఇళ్లకు మందుపెట్టెలు ఇవ్వడం మొదలుపెట్టారు. పెట్టెలోని ప్రతి మందుకూ ఒక అంకె ఉంటుంది. తల్లి రేడియోలో పిల్లవాడి పరిస్థితి చెబుతుంది, డాక్టరు విని ఫలానా నంబరు మందు ఇంత ఇవ్వు అంటాడు. మందు పేరు ఆమెకు తెలియనక్కర్లేదు. కానీ జ్వరం ఎప్పుడు మొదలైంది, ఏం తిన్నాడు, ఊపిరి ఎలా తీస్తున్నాడు అన్నది ఆమే చూసి చెప్పాలి. డాక్టరుకు అనుమానం వస్తే అంకెల మాట పక్కన పెట్టి విమానం ఎక్కేవాడు. ఎంతవరకు రేడియో, ఎప్పుడు విమానం అన్న గీత ఎక్కడ గియ్యాలో వాళ్లకు తెలుసు.

తెర మీద డాక్టరు

డాక్టరు తెర మీద కనబడాలన్న ఊహ టీవీ కంటే ముందే వచ్చింది. 1924 ఏప్రిల్‌లో అమెరికాలో 'రేడియో న్యూస్' అనే పత్రిక ముఖచిత్రంగా ఒక ఊహాచిత్రం వేసింది. ఇంట్లో రోగి, ఎదురుగా పెట్టె, పెట్టె తెర మీద డాక్టరు. అప్పటికి ప్రజల ముందు ఒక్క టీవీ కూడా పనిచేసి చూపించలేదు.

నిజంగా ఆ పని జరగడానికి నలభై ఏళ్లు పట్టింది. బోస్టన్ నగరంలో లోగన్ విమానాశ్రయం నుంచి మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కు ఉన్న దూరం ఐదు కిలోమీటర్లు కూడా కాదు. కానీ ట్రాఫిక్‌లో డాక్టరు వెళ్లేసరికి ఆలస్యమయ్యేది. కెనెత్ బర్డ్ అనే వైద్యుడు 1968లో ఆ రెండింటినీ టీవీ కెమెరాలతో కలిపాడు. విమానాశ్రయంలో రోగి పక్కన నర్సు ఉండేది. స్టెతస్కోపు పెట్టేది ఆమె, కెమెరా తిప్పేది ఆమె. డాక్టరు ఆసుపత్రిలో కూర్చుని చూసేవాడు.

1970ల్లో న్యూయార్క్‌లో పేదలు ఎక్కువగా ఉండే ఈస్ట్ హార్లెం ప్రాంతంలో ఒక పిల్లల క్లినిక్‌ను మౌంట్ సైనాయ్ వైద్య కళాశాలతో కేబుల్ టీవీ ద్వారా కలిపారు. అక్కడ కూడా బిడ్డ పక్కన శిక్షణ పొందిన నర్సు ఉంది. యంత్రాలు మారాయి. టెలిఫోన్ పోయి రేడియో, రేడియో పోయి టీవీ వచ్చింది. బిడ్డ పక్కన మనిషి మాత్రం ప్రతిచోటా ఉంది.

ప్రశ్నల వరుస

పక్కన ఉన్న మనిషి ఏం చూడాలి, ఏం చెప్పాలి? దీని మీద జరిగిన పని యంత్రాల గురించి జరిగినంత గొప్పగా ప్రచారం కాలేదు, కానీ ఎక్కువ ప్రాణాలు కాపాడింది అదే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి సంగతి చూడండి. లక్షల మంది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా పుట్టింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహాలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోయించి, రోగుల పక్కన ఉన్న తల్లులకు, అన్నలకు, బంధువులకు గ్లాసులు ఇచ్చి తాగించమన్నాడు. నూటికి 30 దాకా ఉన్న చావులు ఆ శిబిరంలో నూటికి 4 కంటే తక్కువకు పడిపోయాయి. ఇవాళ మనం ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అనేది ఆ నీళ్లనే. మహాలనబిస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడు ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. డాక్టరు చెయ్యి పడకపోయినా, పక్కన ఉన్నవాళ్లకు సరైన పద్ధతి చెబితే ఎంత పని జరుగుతుందో ఆ శిబిరం చూపించింది.

అమెరికాలో బార్టన్ ష్మిట్ అనే పిల్లల డాక్టరు ఫోన్‌లో అడగాల్సిన ప్రశ్నలను జబ్బుల వారీగా వరుస పెట్టి 1980లో పుస్తకం వేశాడు. జ్వరమా, అయితే ముందు ఇది అడుగు, జవాబు అవునైతే వెంటనే రమ్మను, కాదంటే తర్వాతి ప్రశ్నకు పో. ఆ పద్ధతితోనే నర్సులు రాత్రిపూట తల్లిదండ్రుల ఫోన్లు తీసుకోవడం అక్కడ మామూలైంది.

1990ల మధ్యలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి పేద దేశాల ఆరోగ్య కార్యకర్తల కోసం ఇలాంటి పద్ధతే తయారుచేశాయి. ఎక్స్‌రే లేదు, రక్తపరీక్ష లేదు, చేతిలో గడియారం ఒక్కటే ఉంది. దానితో బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా ఎక్కువ వస్తే అది వేగం. న్యుమోనియా అని అనుమానించాలి. మన ఊళ్లలో ముసలమ్మలు "డొక్కలు ఎగరేస్తున్నడు" అనేది ఈ జబ్బు ముదిరిన లక్షణమే. మన ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు నేర్చుకున్న పిల్లల వైద్య పద్ధతికి మూలం ఇదే.

మన ఊళ్లకు వచ్చిన తీరు

భారతదేశంలో దూరవైద్యం గురించి రాసేవాళ్లందరూ చెప్పే మొదటి పేరు ఒక తెలుగు పల్లెది. చిత్తూరు జిల్లా అరగొండ. అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకులు ప్రతాప్ సి. రెడ్డి సొంత ఊరు అది. అక్కడ కట్టిన ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా నగరంలోని పెద్ద డాక్టర్లతో కలిపారు. 2000 మార్చి 24న హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దాన్ని ప్రారంభించారు. 2001 నుంచి ఇస్రో తన ఉపగ్రహాలతో దూరప్రాంతాల ఆసుపత్రులను నగరాల ఆసుపత్రులతో కలిపే పని మొదలుపెట్టింది.

అయితే అవన్నీ ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య వేసిన దారులు. ఇంట్లో కూర్చున్న తల్లికి దారి పడింది 2007లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 నంబరు అప్పుడు మొదలైంది. ఏ ఫోన్ నుంచైనా ఉచితంగా చెయ్యొచ్చు. అవతల కూర్చున్న సిబ్బంది కంప్యూటర్ తెర మీద వచ్చే ప్రశ్నల వరుస ప్రకారం అడిగేవారు. అవసరమైతే డాక్టరుకు కలిపేవారు. ప్రాణం మీదికి వచ్చిన కేసైతే 108. ఆ రోజుల్లో స్మార్ట్‌ఫోన్ లేదు, వీడియో లేదు. బటన్ ఫోన్‌తోనే ఆ పని నడిచింది.

2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-సంజీవని మొదలుపెట్టింది. పల్లెలోని ఆరోగ్య కేంద్రంలో రోగి, పక్కన ఆరోగ్య సిబ్బంది, తెర మీద డాక్టరు. దీన్ని ముందుగా అమలుచేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. తర్వాత కరోనా వచ్చింది. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే దూరవైద్యానికి దేశంలో మొదటిసారి రాతపూర్వక నియమాలు వెలువడ్డాయి. ఏప్రిల్‌లో ఇంటి నుంచే సొంత ఫోన్‌లో డాక్టరును ఉచితంగా కలిసే ఈ-సంజీవని ఓపీడీ వచ్చింది. మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ, తర్వాత టోకెన్, వంతు వచ్చాక వీడియో, చివర్న మందుల చీటీ ఫోన్‌లోకి వస్తుంది. 2023 ఫిబ్రవరికి ఈ-సంజీవని మొత్తం సంప్రదింపులు 10 కోట్లు దాటాయి.

ఆర్ఎంపీ అనే మూడు అక్షరాలు

2020 నియమాల్లో దూరవైద్యం చేసే హక్కు ఆర్ఎంపీకి మాత్రమే ఉందని రాసి ఉంటుంది. ఈ మాట దగ్గర మనవాళ్లు జాగ్రత్తపడాలి. నియమాల్లోని ఆర్ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. వైద్యం చదివి, మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదైన డాక్టరు. మన ఊళ్లో ఆర్ఎంపీ అంటే సైకిల్ మోటారు మీద సంచి వేసుకుని తిరిగే అనుభవ వైద్యుడు. అక్షరాలు ఒకటే, మనుషులు వేరు. ఊరి ఆర్ఎంపీకి వాట్సాప్‌లో ఫొటో పెట్టి మందు రాయించుకుంటే దాన్ని డాక్టరుకు చూపించడం అనుకోవద్దు. అసలు డాక్టరు తన చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు వెయ్యాలన్నది నియమం. ఆ నంబరు ఉందో లేదో చూడడం చదువు రాని నాయనమ్మకు కష్టం కావచ్చు, చీటీ ఫొటో మనకు పంపిస్తే మనం చూడొచ్చు.

పిల్లల విషయంలో ఇంకో నియమం ఉంది. బిడ్డతో పాటు పెద్దవాళ్లు ఉంటేనే, వాళ్లెవరో డాక్టరు తెలుసుకున్నాకనే, ఫోన్‌లో వైద్యం చెయ్యాలి. 1879లో బిడ్డను ఎత్తి పట్టుకున్న మనిషిని 2020లో చట్టం కూడా తప్పనిసరి చేసిందన్నమాట.

మందుల్లో కూడా గీతలు ఉన్నాయి. పారాసిటమాల్, ఓఆర్‌ఎస్, జింకు సిరప్ లాంటివి డాక్టరు మామూలు ఫోన్‌లో విని కూడా చెప్పొచ్చు. కొన్ని మందులు మొదటిసారి రాయాలంటే వీడియోలో చూడాల్సిందే. మత్తు కలిగించే నిషేధ జాబితా మందులు దూరం నుంచి అసలు రాయకూడదు. డాక్టరు "ఇది ఫోన్‌లో అయ్యేది కాదు, తీసుకెళ్లండి" అన్నాడంటే పని ఎగ్గొట్టాడని కోపం తెచ్చుకోవద్దు. ఆస్ట్రేలియా డాక్టరు విమానం ఎక్కింది కూడా అలాంటప్పుడే.

తెర చూపించనివి

కండ్లకలక, గజ్జి, దద్దుర్లు, మామూలు జలుబు, ఆడుతూ పాడుతూ ఉన్న పిల్లవాడికి రెండు మూడు విరేచనాలు, ముందు చూపించిన జబ్బుకు మళ్లీ సలహా. ఇలాంటివి వీడియోలో బాగానే నడుస్తాయి. బస్సు చార్జీ మిగులుతుంది, కూలి పోదు, దవాఖాన వరండాలో ఇంకో జబ్బు అంటుకోదు.

కానీ చెవి లోపల చీము పట్టిందా అన్నది తెర మీద కనబడదు. ఊపిరితిత్తుల్లో చప్పుడు ఫోన్‌లో వినబడదు. పొట్ట నొక్కి చూడడం కుదరదు. చూడలేనప్పుడు డాక్టరు ఏం చేస్తాడు? అమెరికాలో పిల్లల దగ్గు, జలుబు, గొంతునొప్పి లాంటి జబ్బుల మీద జరిగిన ఒక పరిశీలన 2019లో 'పీడియాట్రిక్స్' అనే వైద్య పత్రికలో వచ్చింది. తెలియని డాక్టరుకు యాప్‌లో చూపించినప్పుడు 100కు 52 సార్లు యాంటీబయాటిక్ రాశారు. అదే తమ సొంత పిల్లల డాక్టరు దగ్గరికి వెళితే 100కు 31 సార్లే. జలుబుకు యాంటీబయాటిక్ పనిచెయ్యదు. అనవసరంగా వాడితే రేపు నిజంగా అవసరమైన రోజు అది పనిచెయ్యకుండా పోవచ్చు. కాబట్టి ఫోన్ డాక్టరు బలమైన మందు రాయలేదంటే అది లోపం అనుకోవద్దు. "ఇది యాంటీబయాటికా? తప్పనిసరా?" అని అడగడంలో తప్పు లేదు.

మనం ఉన్న చోటు

ఇప్పుడు మన సంగతి. మనవాళ్లు గల్ఫ్ వచ్చిన తొలి రోజుల్లో ఇంటి కబురు ఉత్తరంలో వచ్చేది. బిడ్డకు జ్వరమని రాసిన ఉత్తరం చేరేసరికి బిడ్డ బడికి పోతుండేవాడు. కొందరు క్యాసెట్లలో మాటలు నింపి ఊరికి పోయేవాళ్ల చేతికి ఇచ్చేవాళ్లు. తర్వాత ఐఎస్‌డీ బూతులు, కాలింగ్ కార్డులు, ఆ తర్వాత ఇమో, బోటిమ్. అప్పట్లో దూరాన ఉన్నవాడు ఏం చెయ్యలేడు కాబట్టి ఇంట్లోవాళ్లే నిర్ణయం తీసుకునేవాళ్లు. ఇవాళ మనం తెర మీద కనబడుతున్నాం కాబట్టి నిర్ణయం మన దాకా వచ్చి ఆగుతోంది.

దీనివల్ల రెండు నష్టాలు. ఒకటి డబ్బు నష్టం. దూరం నుంచి చూస్తే ప్రతి జ్వరం పెద్దగా కనబడుతుంది. భయంతో "పెద్ద దవాఖానకు తీసుకపోండి, గ్లూకోజు ఎక్కించుమనండి, పైసలు నేను పంపుత" అంటాం. నీళ్లు తాగగలిగే పిల్లవాడికి ఓఆర్‌ఎస్ తాగిస్తే సరిపోయేచోట సూదులు, సెలైన్లు పడతాయి. నెల జీతంలో ఒక ముక్క పోతుంది.

రెండోది అంతకంటే పెద్దది. ఆలస్యం. ఊళ్లో రాత్రి పది గంటలు అయితే కువైట్, సౌదీ, ఖతార్‌లో ఏడున్నర, దుబాయిలో ఎనిమిదిన్నర. ఓవర్‌టైం ఉంటే మనం ఇంకా సైటులోనో, క్యాంపు బస్సులోనో ఉంటాం. ఫోన్ లాకర్లో ఉంటుంది. కువైట్ ఇళ్లలో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లలో చాలామందికి ఫోన్ చేతికి వచ్చేది మేడమ్ పడుకున్నాకనే. అక్కడ ఊళ్లో "ఆయనకు చెప్పకుండ ఎట్ల తీసుకపోను, పైసలు ఎవరిస్తరు, తర్వాత ఏమంటడో" అని కోడలు ఎదురుచూస్తుంది. "బిడ్డ తల్లిని అడక్కుండా ఎలా" అని అమ్మమ్మ ఎదురుచూస్తుంది. న్యుమోనియా బిడ్డకు, నీళ్లు ఇంకిపోయిన బిడ్డకు ఆ కొన్ని గంటలే ప్రాణం.

ఇంత చరిత్ర చెప్పుకున్నది ఈ ఒక్క మాట కోసం. టెలిఫోన్ కాలం నుంచీ దూరవైద్యం నిలబడింది బిడ్డ పక్కన ఉన్న మనిషి కళ్ల మీద, ఆమెకు ఇచ్చిన అధికారం మీద. మనం డాక్టర్లం కాదు, పక్కన ఉన్నవాళ్లమూ కాదు. ఈ రెండింటి మధ్యలో మనం అడ్డం పడకూడదు. "నా ఫోన్ కోసం ఆగొద్దు, నీకు భయమనిపిస్తే తీసుకపో, నేను ఏమీ అనను" అన్న మాట జ్వరం రాకముందే, ఇవాళే, ఇంటికి చెప్పాలి. అత్తామామల ముందు కూడా ఆ మాట చెప్పాలి, లేకపోతే కోడలి మాట ఇంట్లో చెల్లదు. చేతిలో అత్యవసరానికి కొంత డబ్బు ఆమె దగ్గరే ఉండేటట్టు చూడాలి.

ఏ లక్షణాలు కనబడితే ఫోన్ డాక్టరు కోసం కూడా ఆగకుండా పరుగెత్తాలో ఇంట్లో అందరికీ తెలియాలి. బిడ్డ పాలు గానీ నీళ్లు గానీ తాగలేకపోవడం. తాగినదంతా వాంతి చేసుకోవడం. ఫిట్స్ రావడం. మగతగా పడి ఉండడం, లేపినా సరిగ్గా లేవకపోవడం. ఊపిరి పైన చెప్పిన లెక్క కంటే వేగంగా ఉండడం, డొక్కలు ఎగరేయడం. పెదవులు నీలంగా మారడం. విరేచనంలో రక్తం. రెండు నెలలు నిండని పసిబిడ్డకు జ్వరం రావడం లేదా ఒళ్లు చల్లబడడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చెయ్యాలి, లేదా దొరికిన ఆటో ఎక్కాలి. ఆ తర్వాత మనకు చెప్పినా చాలు.

అలాగని దూరాన ఉన్నవాళ్లకు పనే లేదని కాదు. మనం చెయ్యగలిగిన పనులు ఉన్నాయి. తల్లీబిడ్డల కార్డు, పాత చీటీలు, బిడ్డకు ఏ మందు పడదో ఆ వివరం, ఇవన్నీ ఫొటోలు తీయించి మన ఫోన్‌లో ఒక చోట పెట్టుకోవచ్చు. అడిగిన వెంటనే పంపవచ్చు. బిడ్డ బరువు ఎంతో అంగన్‌వాడీలో తూచినప్పుడల్లా రాసుకోవచ్చు, ఎందుకంటే పిల్లల మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. పారాసిటమాల్ సిరప్ సీసాలు చూడడానికి ఒకేలా ఉన్నా, కొన్నిటిలో ఐదు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల మందు ఉంటే కొన్నిటిలో 250 ఉంటుంది. అదే మూత కొలత పోస్తే రెండింతలు పడుతుంది. సీసా మీది రాత కెమెరాకు చూపించమని డాక్టరుతో మాట్లాడే ముందే ఇంటికి గుర్తుచెయ్యొచ్చు. బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టడం సెలవు మీద పోయినప్పుడు ఇంట్లోవాళ్లతో కూర్చుని నేర్చుకోవచ్చు. ఈ-సంజీవని యాప్ వేసి, పేర్లు నమోదు చేసి పెట్టొచ్చు. స్మార్ట్‌ఫోన్ లేని అమ్మమ్మకు ఊరి ఆరోగ్య కేంద్రం, పల్లె దవాఖాన ఉన్నాయని, అక్కడి సిబ్బందే డాక్టరుతో కలుపుతారని చెప్పొచ్చు. అదీ కుదరకపోతే 104 బటన్ ఫోన్‌లో కూడా పనిచేస్తుంది.

పిల్లలతో ఇక్కడే ఉన్నవారికి

కుటుంబంతో గల్ఫ్‌లో ఉంటున్న సభ్యులకు ఒక మాట. 2020 నియమాలు భారతదేశం లోపలి సంప్రదింపులకే వర్తిస్తాయి. దుబాయిలో ఉన్న బిడ్డకు హైదరాబాద్ డాక్టరు ఫోన్‌లో చెప్పిన సలహా తెలిసినవాళ్ల సలహా లాంటిదే. ఆ చీటీ పట్టుకుని ఇక్కడి ఫార్మసీలో డాక్టరు చీటీ అవసరమైన మందు అడిగితే ఇవ్వరు. ఇక్కడ కూడా దారులు ఉన్నాయి. దుబాయి ఆరోగ్య శాఖ 2019లో తమ పౌరుల కోసం మొదలుపెట్టిన వీడియో డాక్టరు సేవను 2020లో కరోనా సమయంలో నివాసితులందరికీ తెరిచింది. సౌదీలో ఆరోగ్య మంత్రిత్వ శాఖ 937 నంబరు రాత్రింబవళ్లు సలహా ఇస్తుంది. 2022లో రియాద్‌లో సెహా పేరుతో ఆసుపత్రులను తెరల మీద కలిపే వర్చువల్ ఆసుపత్రి కూడా పెట్టారు. మీ ఇన్సూరెన్స్ కార్డులో వీడియో డాక్టరు సదుపాయం ఉందో లేదో బిడ్డ ఆరోగ్యంగా ఉన్నప్పుడే కంపెనీ హెచ్‌ఆర్‌ను అడిగి పెట్టుకోండి. భాష రాకపోతే హిందీ, ఉర్దూ వచ్చే డాక్టరు కావాలని అడగొచ్చు. చాలా క్లినిక్‌లలో మలయాళీ, తెలుగు నర్సులూ ఉంటారు.

ఈ సంచిక చదివిన సభ్యులు ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ప్రమాద లక్షణాల పేరాను బిగ్గరగా చదివి వినిపించండి. ఫొటో తీసి కుటుంబ గ్రూపులో పెట్టండి. "నా కోసం ఆగొద్దు" అన్న మాట కూడా అదే ఫోన్‌లో చెప్పండి.